జైపూర్ గల్లీల్లో: రాయి కింద ఏముంది?

బుధవారం: జోహరీ బజార్

హైదరాబాద్ నుంచి జైపూర్‌కి విమానంలో సుమారు రెండు గంటలు. రాళ్ళ కోసమే వెళ్ళేవాళ్ళు మాత్రం వారం చూసుకుని బయలుదేరాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకి రామ్‌గంజ్‌లో సానపట్టేవాళ్ళు చాలామంది పని ఆపేస్తారు. ఆదివారం జోహరీ బజార్‌లో ఎక్కువ దుకాణాలకు సెలవు. డిసెంబరులో నగల ప్రదర్శన జరిగే రోజుల్లో పేరున్న వర్తకులంతా ఊరి చివర, ప్రదర్శన జరిగే సీతాపురలోనే ఉంటారు, గల్లీలో ఖచ్చితంగా ధర చెప్పగల మనిషి దొరకడం కష్టం. అందుకే బుధవారం దిగి సోమవారం తిరుగు ప్రయాణం పెట్టుకున్నాం.

2020 నుంచి మెట్రో బడీ చౌపడ్ దాకా వస్తోంది. స్టేషన్ మెట్లెక్కి దక్షిణానికి తిరిగితే సాంగానేరీ గేటు వరకూ ఉన్నదే జోహరీ బజార్. 1727లో సవాయి జైసింగ్ నగరానికి పునాది వేయించినప్పుడు గీసుకున్న వీధుల్లో ఇదొకటి. వీధి మొహాన ఉన్న పెద్ద దుకాణాలు కంటికి పండగే గానీ సరుకు తిరిగేది గోపాల్‌జీ కా రాస్తా, హల్దియోం కా రాస్తా లాంటి పక్క గల్లీల్లో. సాయంత్రమయ్యేసరికి దలాళ్ళు అక్కడ గుంపులుగా నిలబడతారు. జేబులోంచి కాగితపు పొట్లం తీసి, మడతలు విప్పి, అరచేతిలో పెట్టి చూపిస్తారు.

ఆ పొట్లం కాగితం మీద ఓ కన్నేయాలి. వజ్రాల పొట్లంలో లోపలి పొర లేతనీలంగా ఉంటే రాయిలోని పసుపు ఛాయ అణిగిపోతుంది. తెల్ల కాగితం మీదికి మార్చి చూడాలి. దీపం కూడా అంతే. కెంపుని పసుపు బల్బు కింద, నీలాన్ని తెల్ల ట్యూబులైటు కింద పెడితే రెండూ ఉన్నదానికన్నా గొప్పగా కనబడతాయి. కాబట్టి మొదటి సాయంత్రం చూడడానికే, కొనడానికి కాదు. నచ్చిన రాయిని మర్నాడు పొద్దున పది, పదకొండు మధ్య, ఎండ నేరుగా పడని వెలుతురులో మళ్ళీ అడగాలి. పొద్దుటి చూపుకి ఒప్పుకోని దలాలితో బేరమే వద్దు.

బరువు దగ్గర తికమక పెట్టేది రత్తి. గురివింద గింజ ఎత్తు అది. కంసాలి లెక్కలో రత్తి అంటే సుమారు 0.12 గ్రాములు, తులానికి 96. జాతకాల రాళ్ళు అమ్మేచోట చెప్పే పక్కా రత్తి దానికి ఒకటిన్నర రెట్లు, సుమారు 0.18 గ్రాములు. క్యారెట్ 0.2 గ్రాములు. ‘ఐదు రత్తుల పుష్యరాగం’ అన్నారంటే అది 3 క్యారెట్లూ కావచ్చు, నాలుగున్నర క్యారెట్లూ కావచ్చు. ధర ఎప్పుడూ క్యారెట్‌కే అడగాలి, త్రాసు మీద క్యారెట్ అంకె మన కళ్ళతో చూడాలి.

రాళ్ళ బజారులో పాత పద్ధతి బేరం రుమాలు కింద చేతులతోనే నడిచేది. 17వ శతాబ్దంలో మన దక్కన్ వజ్రపు గనులకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ లెక్క రాసిపెట్టాడు: చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి, ఐదు వేళ్ళు పట్టుకుంటే ఐదు వందలు, ఒక వేలు వంద, వేలి నడిమి కణుపు దాకా అయితే యాభై, కొస కణుపు పది. చుట్టూ పదిమంది ఉన్నా ధర ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ పని ఫోను క్యాలిక్యులేటర్ చేస్తోంది, అదీ చాటుగానే.

గురువారం: రామ్‌గంజ్‌లో సాన

పచ్చరాళ్ళకి సానపట్టడంలో జైపూర్‌కి ప్రపంచంలోనే పెద్ద పేరు. ముడిరాయి జాంబియా, కొలంబియా, బ్రెజిల్ గనుల నుంచి వస్తుంది. మన వైపు పెళ్ళిళ్ళలో కనిపించే పచ్చపూసల వరసలకి కావలసిన పూసలు కూడా ఇక్కడి నుంచే హైదరాబాద్ దుకాణాలకు వెళుతుంటాయి. రామ్‌గంజ్, ఘాట్ గేటు వైపు గల్లీల్లో ఇరుకు మేడల మీద ఈ పని జరుగుతుంది. తెలిసిన వర్తకుడి మాట సాయం లేకుండా లోపలికి రానివ్వరు.

పని వరస ఇదీ. ముందు ముడిరాయిని నీళ్ళలోనో నూనెలోనో తడిపి దీపానికి అడ్డంగా పెట్టి పగుళ్ళు ఎటు నడుస్తున్నాయో చూస్తారు. పెద్ద పగులు ఉన్నచోటే కోత పెడతారు, ఎలాగూ అక్కడే విడిపోతుంది కాబట్టి. వజ్రపు పొడి పట్టించిన పల్చటి లోహపు చక్రంతో, నీళ్ళు పోస్తూ కోస్తారు. తర్వాత సుమారు ఆకారం తీస్తారు. ఆ పైన సన్నని కర్ర కొసకి లక్క కరిగించి రాయిని అతికించి, తిరిగే సాన మీద ఒక్కో పలక దిద్దుతారు. పూర్వం కుడిచేత్తో విల్లు ఆడిస్తూ సాన తిప్పి, ఎడమచేత్తో రాయిని ఆనించేవారు. ఇప్పుడు దాదాపు అంతటా మోటారే. ఆఖరున మెరుగు: పచ్చకి క్రోమియం ఆక్సైడ్ లాంటి మెత్తటి పొడులు, కెంపు నీలాలకి వజ్రపు పొడి.

పాడయ్యేది ఎక్కువగా లక్క దగ్గరే. పచ్చని కర్రకి అతికించేటప్పుడు మంట నేరుగా తగిలితే లోపలి పగుళ్ళు విచ్చుకుంటాయి. అందుకని కర్రనీ లక్కనీ వేడి చేసి, రాయిని దూరం నుంచి వెచ్చబెట్టి అతికిస్తారు. రెండో ప్రమాదం సాన ఎండిపోవడం. నీళ్ళు తగ్గితే రాపిడి వేడికి పలక అంచు పెచ్చులూడుతుంది. ఇంత జాగ్రత్త పడ్డా ముడిరాయి బరువులో సగానికి మించి పొడిగా పోవడం మామూలే. దిద్దిన పచ్చ ధర వినగానే గుండె జారేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. పచ్చలో పగుళ్ళు లేకపోవడమే అరుదు. మెరుగు పెట్టిన రాయిని శుభ్రం చేసి, వెచ్చటి నూనెలో ఉంచుతారు, పగుళ్ళలోకి నూనె పాకుతుంది. సీడార్ నూనెనే ఎందుకు వాడతారంటే దాని వక్రీభవన సూచిక, అంటే వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.51 దరిదాపుల్లో ఉంటుంది, పచ్చది సుమారు 1.58. పగులులో గాలి ఉంటే వెలుగు అక్కడ ఎగిరిపడి తెల్లగా కనిపిస్తుంది, నూనె ఉంటే దాదాపు మాయమవుతుంది. రంగులేని నూనె పట్టడం తరతరాలుగా అందరికీ తెలిసిన ఆచారం, అందులో మోసం లేదు. ‘జోబన్’ అని పిలిచే ఆకుపచ్చ నూనె సంగతి వేరు: అది పగులుని దాచడమే కాకుండా పాలిపోయిన రాయికి రంగు కూడా తెచ్చిపెడుతుంది. భూతద్దంతో చూస్తే రంగు రాయి అంతటా కాకుండా పగులు గీతల వెంబడి పేరుకుని కనిపిస్తుంది. దూది చివర ఎసిటోన్ అద్ది తుడిస్తే కొన్నిసార్లు పచ్చగా అంటుతుంది, అయితే అమ్మేవాడి అనుమతి లేకుండా ఆ పని చేయకూడదు.

ఏ నూనె అయినా ఏళ్ళ మీద ఆరుతుంది. అల్ట్రాసోనిక్ యంత్రంలో, ఆవిరితో కడిగితే ఒక్కరోజులోనే పోతుంది. ఊళ్ళో కంసాలికి ఇచ్చి ‘తళతళలాడేలా కడగండి’ అంటే పచ్చ గీతలు తేలి ఇంటికొస్తుంది.

కెంపుకి ఇంతకన్నా పెద్ద ముప్పు ఉంది. నాసిరకం కెంపు పగుళ్ళలో సీసం కలిసిన గాజు కరిగించి నింపడం 2000 తర్వాత విపరీతంగా పెరిగింది. భూతద్దం కింద రాయిని అటూఇటూ వంచితే పగుళ్ళలో నీలం మెరుపు తళుక్కుమంటుంది, లోపల చదునైన గాలిబుడగలుంటాయి. ఇలాంటి రాయిని నగలో ఉండగా టంకం పెడితే గాజు చెడుతుంది, కంసాలి శుభ్రం చేసే ఆమ్లంలో ముంచితే గాజు తినుకుపోయి తెల్లటి గాట్లు పడతాయి. ‘అసలు కెంపే’ అని అమ్మేవాడు అంటే అది అబద్ధం కాదు. ఎంత కెంపు, ఎంత గాజు అన్నదే అడగవలసింది.

ఈ రాళ్ళ పుట్టుక గురించి గరుడ పురాణం చెప్పే కథ జైపూర్‌లో ఇప్పటికీ వినిపిస్తుంది. బలాసురుడి శరీరం ముక్కలై పడితే ఎముకలు వజ్రాలు, పళ్ళు ముత్యాలు, కళ్ళు ఇంద్రనీలాలు అయ్యాయట. అతని రక్తాన్ని మోసుకెళుతున్న సూర్యుడు రావణుడు అడ్డగించేసరికి సింహళంలోని నదిలో విడిచిపెడితే అక్కడ కెంపులు పుట్టాయట. శ్రీలంకలో రాళ్ళు ఈనాటికీ నదీగర్భపు గులకల్లోనే దొరుకుతాయి, కథ కట్టినవాళ్ళకి సరుకు ఎక్కణ్ణుంచి వస్తోందో బాగా తెలుసు. పాత రత్నశాస్త్రాల్లో ఫలితాల భాగంకన్నా దోషాల భాగం విలువైనదని మా అభిప్రాయం. బిందువు, గీత, కాకిపాదం అంటూ వాళ్ళు లెక్కపెట్టిన తప్పుల్ని ఇప్పుడు పది రెట్ల భూతద్దంలో చూస్తున్నాం.

శుక్రవారం: జడియా పీట ముందు

కుందన్ నగ ఒక్కరి చేతి పని కాదు. బొమ్మ గీసేది చితేరా, బంగారు రేకుతో డొల్ల చట్రం కట్టేది సునార్, వెనకవైపు రంగులద్దేది మీనాకార్, రాళ్ళు పొదిగేది జడియా, పట్టుదారంతో గుచ్చి తాడు అల్లేది పటువా. చట్రాన్ని ఇక్కడ ఘాట్ అంటారు. ఈ వరస తారుమారు కాదు: మీనా, అంటే రంగు గాజు పూత, కొలిమిలో కాలాలి, రాయీ లక్కా ఆ వేడికి నిలవవు, అందుకే మీనా పూర్తయ్యాకే జడియా చేతికి వస్తుంది.

జడియా ముందున్నది చిన్న నిప్పుల కుంపటి, ఉక్కు సలాకలు, లక్క ముద్ద, 24 క్యారెట్ల బంగారాన్ని మెత్తగా సాగగొట్టిన రేకు. ఆ రేకే కుందన్. ముందు ఘాట్ గుంటల్లో లక్క నింపుతారు. నగని లక్క పట్టించిన కర్రపిడికి అతికించి, కదలకుండా పట్టుకుంటారు. ఒక్కో గుంట దగ్గర నిప్పు కణిక ఆనించి లక్కని మెత్తబరచి, వెండి తగడు పరుస్తారు. డాంక్ అనే ఈ తగడే రాయికి కిందనుంచి వెలుగునిచ్చేది. రాయిని దాని మీద అదుముతారు. ఆపైన కుందన్ రేకుని సన్నటి పట్టీగా మడిచి, రాయికీ గుంట గోడకీ మధ్య సలాకతో కూరుతూ పోతారు. స్వచ్ఛమైన బంగారానికి మంట అక్కర్లేదు. ఒత్తిడికే ఒక పొర ఇంకో పొరతో ఏకమైపోతుంది. చివరికి ఎక్కువైనది చెక్కేసి, అంచుని నునుపు చేస్తారు.

ఇది కుదరాలంటే బంగారం స్వచ్ఛంగా, శుభ్రంగా ఉండాలి. రాగి కలిసిన రేకు గట్టిపడి లేచిపోతుంది. చేతి జిడ్డు అంటినా పొరలు కలవవు, కొన్నాళ్ళకి అంచు విడుతుంది. లక్క మరీ కాగితే నురగ కట్టి బోలుగా మిగులుతుంది, నొక్కితే రాయి కుంగుతుంది. అంచులో వెంట్రుకవాసి సందున్నా స్నానపు నీళ్ళూ, చెమటా, సెంటూ లోపలికి దిగి డాంక్ నల్లబడుతుంది. పైనుంచి చూస్తే రాయి చచ్చినట్టు మసకగా ఉంటుంది. ఇంట్లో ఎంత రుద్దినా అది పోదు, ఆ ఒక్క రాయిని తీసి కొత్త డాంక్ వేయించాల్సిందే.

కొనేవాళ్ళకి ముఖ్యమైనది కూడా ఈ డాంకే. పాలిపోయిన కెంపు కింద ఎర్ర డాంక్, లేత పచ్చ కింద ఆకుపచ్చ డాంక్ వేస్తే రంగు ఒక్కసారిగా పెరుగుతుంది. మూసేసిన తర్వాత ఎవరూ చెప్పలేరు. ఆర్డరిచ్చి చేయించుకునేటప్పుడు రాళ్ళని విడిగా, తెల్ల కాగితం మీద చూసి, ఫొటో తీసుకుని, బరువు రాయించుకోవాలి. తయారైన నగ కొంటే రాతి రంగుకి ధర కట్టకూడదు, పనికీ బంగారానికీ మాత్రమే కట్టాలి.

పోల్కీ అంటే పలకలు దిద్దకుండా పల్చగా చీల్చిన వజ్రం. దానికి మారుగా గాజు పెట్టడం పాత మోసం, వజ్రంలా మెరిసే కృత్రిమ రాయి మోయిసనైట్ పెట్టడం కొత్తది. దుకాణంలో పెన్నులాంటి పరికరం ఆనించి కూత పెట్టించి ‘వజ్రమే’ అంటారు. వేడి ప్రవాహాన్ని మాత్రమే కొలిచే పెన్ను మోయిసనైట్‌కి కూడా కూస్తుంది. విద్యుత్తుని కూడా పరీక్షించే పెన్ను ఉందా అని అడగాలి. ల్యాబ్‌లో పెంచిన వజ్రాన్ని ఈ రెండూ పట్టలేవు, దానికి ప్రయోగశాలే దిక్కు.

బంగారం తూకం దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. లక్క నగలోంచి తీసి తూచలేం. కాబట్టి లక్క వేయకముందు ఘాట్ బరువు, జడియా వాడిన కుందన్ బరువు రెండూ విడివిడిగా రాసి ఇవ్వమనాలి. ఉదాహరణకి ఘాట్ 42 గ్రాములు, కుందన్ 9 గ్రాములు, పూర్తయిన హారం 88 గ్రాములు అనుకోండి. బంగారం 51 గ్రాములే, మిగతా 37 గ్రాములు లక్క, రాళ్ళు, ముత్యాలు, దారం. ఆ 37ని బంగారం ధరకి లెక్కకట్టే చోట లేచి వచ్చేయడమే. 2021 జూన్‌లో హాల్‌మార్క్ తప్పనిసరి అయినప్పుడు కుందన్, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు ఇచ్చారు, కాబట్టి ముద్ర లేదని అమ్మకందారుని తప్పుపట్టలేం, ముద్ర అండా మనకి లేదు. ఎక్స్‌రే యంత్రంతో వన్నె చూపిస్తామన్నా జాగ్రత్త. అది పైపొరనే చదువుతుంది, నగ ముందువైపు పెడితే 24 క్యారెట్ల కుందన్ రేకునే చదివి గొప్ప అంకె చూపిస్తుంది. కొక్కెం, కొండి, పక్క గోడ దగ్గర పెట్టమనాలి.

సైజు కూడా ముందే తేల్చుకోవాలి. కుందన్ ఉంగరాన్నీ చేతిగాజునీ తర్వాత పెంచాలంటే టంకం కావాలి, మంట తగిలితే లక్క కారిపోతుంది. గాజు కొలతల్లో 2-4 అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాలా నాలుగు పదహారో వంతులు, అంటే 57 మిల్లీమీటర్లు. 2-6 అంటే 60. బాగా పట్టే పాత గాజు ఒకటి వెంట తీసుకెళితే ఈ లెక్కే అక్కర్లేదు.

శనివారం: మీనా కొలిమి

మీనా పనివాళ్ళని 16వ శతాబ్దం చివర్లో రాజా మాన్‌సింగ్ లాహోర్ నుంచి అంబర్‌కి రప్పించాడని చెబుతారు. ఆ పరంపరలోనే సర్దార్ కుద్రత్ సింగ్ పద్మశ్రీ అందుకున్నారు.

బంగారాన్ని ఉలితో సన్నగా తవ్వి, ఆ పల్లంలో రంగు గాజు పొడిని నీళ్ళతో తడిపి నింపి, 750 నుంచి 850 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పల్లం అడుగున సన్నటి గీతలు గీస్తారు. గాజు పారదర్శకం కాబట్టి వెలుగు ఆ గీతల మీద పడి తిరిగొస్తుంది. ఎక్కువ వేడికి నిలిచే రంగు ముందు, తక్కువ వేడికే కరిగేది తర్వాత. తెలుపు మొదట, ఎరుపు ఆఖరున. జైపూర్‌కి పేరు తెచ్చిన కెంపురంగు మీనా కొలిమిలో క్షణం ఎక్కువైనా గోధుమరంగుకి తిరిగి పాడవుతుంది. అందుకే ధర అడిగే ముందు ఎరుపు చూడాలి. వెండి మీద పారదర్శక ఎరుపు సరిగా పలకదు, పసుపుకి తిరుగుతుంది. వెండి మీనా కొనేవాళ్ళు నీలం, ఆకుపచ్చ చూసుకోవడం మేలు.

తప్పులు సులువుగానే కనబడతాయి. సూదిమొన చుక్కలుంటే పొడిలో దుమ్ము కలిసింది. బుడగలుంటే బంగారం శుభ్రంగా లేదు. వెంట్రుక పగుళ్ళుంటే కొలిమి నుంచి తీసి చల్లగాలికి పెట్టేశారు. అంచు పెచ్చులూడితే రేకు పల్చన, నగ వంగినప్పుడల్లా గాజు విరుగుతుంది. నగని ముందు వెనక్కి తిప్పి చూడండి. వెనక మీనా శుభ్రంగా ఉన్నచోట ముందు పనిలోనూ కక్కుర్తి తక్కువగా కనిపిస్తుంది.

సాయంత్రం త్రిపోలియా బజార్ పక్కన మణిహారుల వీధి. లక్కని నిప్పు మీద మెత్తబరచి, కర్ర మీద దొర్లించి, కళ్ళముందే చేతిగాజు చేసి అద్దాలూ రాళ్ళూ అద్దిస్తారు. జాతిరాళ్ళతో దీనికి సంబంధం లేదు, చవక, సరదా. ఎండలో నిలబెట్టిన కారులో మాత్రం పెట్టకూడదు.

ఆదివారం

బజారు మూత. పొద్దున అంబర్ కోట, మధ్యాహ్నం సీ-స్కీమ్‌లోని ఆమ్రపాలి మ్యూజియం. అక్కడ గిరిజనుల వెండి నగలు ప్రత్యేకం, వాటి కొక్కేలు ఎలా కట్టారో చూడడానికే ఓ పూట చాలదు.

సోమవారం: పరీక్ష, బిల్లు, మూట

జైపూర్‌లో 1972 నుంచి రాళ్ళ పరీక్షకి ప్రయోగశాల ఉంది. పెద్ద రాయి అయితే డబ్బు కట్టేముందే అక్కడికి పంపుతామని మాట్లాడుకోవాలి. చిన్న రాళ్ళకి మాత్రం చేతిలో ఉండాల్సింది పది రెట్ల భూతద్దం, నీళ్ళలో తూచే ఏర్పాటు. పసుపురాయి 5 క్యారెట్లు తూగిందనుకోండి. నీళ్ళలో వేలాడదీసి తూచితే 3.75 వచ్చింది: 5ని తేడా 1.25తో భాగిస్తే సాంద్రత 4. అది కురువిందం, అంటే పుష్యరాగం పేరుతో అమ్మే పసుపు నీలమణి. నీళ్ళలో తూకం 3.58 వస్తే టోపాజ్. 3.11 వస్తే సిట్రిన్, పుష్యరాగం ధరలో చిన్న వంతు కూడా చేయదు. వైడూర్యానికీ ఇదే లెక్క పనికొస్తుంది: అసలుదాని సాంద్రత 3.7 దరిదాపుల్లో, పిల్లికన్ను క్వార్ట్జ్ 2.65. గాజు సాంద్రత రకరకాలుగా ఉంటుంది కాబట్టి బుడగల కోసం భూతద్దమూ పట్టాలి. నీలమణిని బెరీలియంతో కాచి పసుపు తెచ్చారా అన్నది త్రాసుకి అందదు, మామూలు పరీక్షాశాలకి కూడా కష్టమే.

నవరత్నాల ఉంగరం చేయించేవాళ్ళు వరస రాసి ఇవ్వాలి. నడుమ కెంపు, తూర్పున వజ్రం, అక్కణ్ణుంచి ప్రదక్షిణంగా ముత్యం, పగడం, గోమేధికం, నీలం, వైడూర్యం, పుష్యరాగం, ఈశాన్యంలో పచ్చ. పనివాడు వెనకనుంచి చూసిన బొమ్మ పెట్టుకుంటే వరస అప్రదక్షిణమైపోతుంది. రాయి ఒంటికి తగలాలన్న నమ్మకం ఉంటే కుందన్ పనికిరాదు, వెనక తెరిచిన గూడు చెప్పాలి. ముత్యం, పగడం మెత్తనివి, ఆమ్లానికీ వేడికీ చెడతాయి. టంకమూ మెరుగూ అన్నీ అయ్యాకే వాటిని పొదగమనాలి.

బిల్లులో రాయి పేరు, క్యారెట్ బరువు, ‘సహజం’ అన్న మాట, పచ్చకి నూనె పట్టారా, కెంపుకి గాజు నింపారా అన్నది, ఘాట్ బరువు, కుందన్ బరువు విడివిడిగా ఉండాలి. ‘రంగురాళ్ళ హారం ఒకటి’ అని రాసిన బిల్లు తర్వాత దేనికీ అక్కరకు రాదు.

కుందన్‌ని మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, తేమ పీల్చే చిన్న పొట్లంతో పాటు మూత బిగుతైన పెట్టెలో పెట్టాలి. రబ్బరు, చవకరకం స్పాంజి దగ్గర పెడితే అందులోని గంధకానికి వెండి డాంక్ నల్లబడుతుంది. పచ్చపూసలు విడిగా, వజ్రాలకి దూరంగా. అన్నీ చేతిసంచీలోనే, బిల్లుతో సహా. పటువా గుచ్చిన పట్టుదారం వాడకాన్ని బట్టి రెండు మూడేళ్ళకి నానుతుంది. అప్పుడు జైపూర్ దాకా రానక్కర్లేదు, చార్మినార్ దగ్గర ముత్యాలు గుచ్చేవాళ్ళు మళ్ళీ గుచ్చి ఇస్తారు. వాళ్ళకి ఇచ్చేటప్పుడు మాత్రం పతకాన్ని దారం నుంచి విప్పి మన దగ్గరే ఉంచుకోవాలి, పూసలు కడిగే నీళ్ళలో అది పడకుండా.